ఎడమవైపు బేరింగు

అన్న మీద కసి తీర్చుకోవడానికి చెల్లెలు ముందుగా వంటింట్లో ఓవెన్ కడిగింది. అడుగున పేరుకున్న జిడ్డంతా చాకుతో గీకి, సబ్బునీళ్లతో రెండుసార్లు తుడిచి, తలుపు తెరిచి ఆరబెట్టింది. అది చూసి అత్త మురిసిపోయింది. పెళ్లయిన పదహారేళ్లలో కోడలు తనంతట తానుగా ఓవెన్ జోలికి వెళ్లడం ఇదే మొదటిసారి. ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. కాసేపటికి కోడలు పెరట్లోకి వెళ్లి, ఒక మోటారు సైకిలు ఇంజను తాలూకు అల్యూమినియం చిప్పను రెండు చేతులా ఎత్తుకొచ్చి, అది ఓవెన్‌లో పడుతుందో లేదో కొలిచి చూసుకుంది.

"అందులో రొట్టె కాలుస్తామే తల్లీ," అంది అత్త.

"దీన్నీ కాలుస్తాను అత్తయ్యా. కాకపోతే తినం, అంతే."

"మరి ఫ్రీజర్లో నా బఠానీల పక్కన పెట్టిన ఆ ఇనుప కడియం ఏంటి?"

"అది బేరింగు. గడ్డకట్టాలి."

అత్త నెత్తి కొట్టుకుంది గానీ అడ్డు చెప్పలేదు. కోడలు రెండు నెలలుగా సరిగా తినకుండా, పడుకుంటే నిద్రపోకుండా, ఇంట్లో గిన్నెల మీదా తలుపుల మీదా కోపం చూపిస్తూ తిరుగుతోంది. ఇవాళ చేతులకు నల్లటి నూనె పూసుకుని ఏదో ఒక పనిలో పడింది, అదే పదివేలు అనుకుంది.

ఆ కోపం కథ ఇదీ. అన్న ఇంజన్ల షెడ్డు ఆ వీధిలో అన్నిటికంటే పాతది. వాళ్ల నాన్న పెట్టింది. అక్కడ ఇంజను విప్పి బిగించాక బండి ఊరికే అప్పజెప్పరు. స్టార్టు చేసి, మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, చెక్కపిడిని చెవి వెనక ఎముకకు నొక్కి పెట్టుకుని మేస్త్రి వింటాడు. బేరింగులో వెంట్రుకవాసి తేడా ఉన్నా సన్నటి కూత ఆ పిడిలోకి పాకి వస్తుంది. కూత లేకపోతే "ఊఁ, తీసుకెళ్లు" అంటాడు. ఆ మాట పడ్డాకే బండి గడప దాటాలి. నాన్న ఉన్నంతకాలం ఆయన విన్నాడు. ఆయన పోయాక స్క్రూడ్రైవరుతో పాటు చెవి మేస్త్రి అనే పేరు కూడా అన్నకు దక్కింది. లోపలి గదిలో గోనెపట్టా మీద కూర్చుని పద్నాలుగేళ్లుగా ఇంజన్లు విప్పి బిగించింది మాత్రం చెల్లెలు. ఆమెకు వీధిలో వేరే పేరంటూ లేదు. మేస్త్రి చెల్లెలు, అంతే.

రెండు నెలల కిందట పోస్ట్‌మాన్ బండి వచ్చింది. ఇంజను లోపల తిరిగే క్రాంకుకు చెరోవైపు ఉండే బేరింగులు రెండూ అరిగిపోయాయి. చెల్లెలు కొత్తవి వేసి బిగించింది. అన్న స్క్రూడ్రైవరు పట్టుకుని కుడివైపు విన్నాడు, ఎడమవైపు విన్నాడు, తలెత్తి చెల్లెలి వంక చూశాడు, పెదవి విరిచాడు.

"కూస్తోంది. సరిగా కూర్చోబెట్టలేదు."

"కూత ఎక్కడుంది? నేను విన్నాను. శుభ్రంగా ఉంది," అంది చెల్లెలు.

"నా చెవికంటే నీ చెవి గొప్పదా?"

"గొప్పదో కాదో, ఇంకోసారి విను అన్నయ్యా."

ఇంకోసారి వినలేదు. పోస్ట్‌మాన్, ఎదురు షాపు వెల్డరు, పక్క షాపు టైర్లతను చూస్తుండగా అన్న ఒంటికాలి మీద లేచాడు. ఆడదాన్ని ఇంజను ముందు కూర్చోబెట్టడం తనదే బుద్ధితక్కువన్నాడు. ఇంటికెళ్లి గిన్నెలు తోముకోమన్నాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. మర్నాడు వీధిలో ప్రతి షాపు ముందూ ఆగి, "దానికి ఎవడైనా బేరింగులు లాగే పుల్లరు గానీ దింపే ప్రెస్సు గానీ ఎరువిచ్చాడో, నా షెడ్డు పని ఇక వాడి మొహం చూడదు," అని చెప్పి మరీ వెళ్లాడు. షెడ్డు నుంచి పని రాని షాపు ఆ వీధిలో లేదు. అందరూ తలలూపారు. ఆ తర్వాత కూరగాయలకు వెళ్తే కూరగాయలామె కూడా, "బేరింగులు పాడుచేశావటగా?" అని పలకరించింది. అసలు బేరింగంటే గుండ్రంగా ఉంటుందో పలకగా ఉంటుందో ఆవిడకు తెలీదు.

పద్నాలుగేళ్ల పని ఒక్క పూటలో గంగలో కలిసింది. తనను వెళ్లగొట్టడానికే అన్న అబద్ధం ఆడాడని చెల్లెలు నిశ్చయించుకుంది. కొట్టినా తిట్టినా మర్చిపోయేదేమో. చేతిపని మీద పడిన ఆ మచ్చను మాత్రం మింగలేకపోయింది.

మొన్న గురువారం పోస్ట్‌మాన్ బండిని నెట్టుకుంటూ ఆమె ఇంటికి వచ్చాడు.

"అమ్మా, మీ అన్నయ్యగారు మీరు వేసినవి తీసేసి వేరేవి వేశారు కదా, అప్పట్నుంచీ ఇది ఒకటే కూత. నేను వీధి మొదట్లో ఉండగానే చివరింటివాళ్లు ఉత్తరం కోసం బయటికొచ్చి నిలబడుతున్నారు. కుక్కలు వెంటపడుతున్నాయి. ఆయన్నడిగితే బండి బ్రహ్మాండంగా ఉంది, నీ చెవుల్లో గుబిలి తీయించుకో అంటున్నారు."

అంటూ గుడ్డసంచి ఒకటి చేతికిచ్చాడు. తీసేసిన భాగాలు బండివాళ్లకే ఇచ్చేయడం షెడ్డు పద్ధతి. సంచిలో చెల్లెలు వేసిన బేరింగులు రెండూ ఉన్నాయి. ఆమె ఒకదాన్ని వేలికి తగిలించుకుని తిప్పింది. చడీచప్పుడూ లేకుండా తిరిగి తిరిగి, దానంతటది ఆగింది. రెండోదీ అంతే.

ఆమెకు ఆ రెండింటినీ పట్టుకుని వీధిలోకి పరిగెత్తాలనిపించింది. కానీ ఎవరు నమ్ముతారు? కడిగి నూనె వేసి తెచ్చావంటారు, కొత్తవి కొనుక్కొచ్చావంటారు. చెవి మేస్త్రి మాటను తిప్పికొట్టాలంటే చెవి మేస్త్రి నోరే కావాలి. ఏ నలుగురి ముందు తన పరువు తీశాడో ఆ నలుగురి ముందే, ఆ స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకునే, అన్న తన నోటితో తానే బోర్లా పడాలి. అంతకు తక్కువైతే ఆమెకు ఆకలి వేయదు.

"ఎన్నాళ్లు పడుతుందమ్మా?" అన్నాడు పోస్ట్‌మాన్.

"నాలుగు రోజులు."

"సరే, అప్పటిదాకా నడుస్తాను." ఆయనకు మోకాళ్ల నొప్పి. ఆ మాట ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

పుల్లరు లేదు, ప్రెస్సు లేదు, పళ్లచక్రాలు తిరక్కుండా పట్టి ఆపే కొండి లేదు. ఉన్నవి బజార్లో కొనుక్కొచ్చిన రెండు కొత్త బేరింగులు, ఒక పానాల సెట్టు, ఒక సుత్తి, అత్త వంటిల్లు. లారీ మీద తిరిగే భర్త నెలకోసారి ఇంటికొస్తాడు, ఆయన వదిలేసి వెళ్లిన పాత డబ్బాలో పొడవాటి బోల్టులు, నట్లు, పైపు ముక్కలు దొరికాయి. చెల్లెలు పెరట్లో బల్ల మీద పాత దుప్పటి పరిచి ఇంజను దించింది. ఏ స్క్రూ ఎక్కడిదో తెలియడానికి అట్టముక్క మీద ఇంజను బొమ్మ గీసి, ఊడదీసిన స్క్రూనల్లా బొమ్మలో దాని చోటే గుచ్చింది. గేరుపళ్లు తిరక్కుండా మధ్యలో మడతపెట్టిన చెప్పుతోలు ఇరికించి పెద్ద నట్టు విప్పింది. మాగ్నెటు చక్రం ఊడదీయడానికి షెడ్డులో వేరే పుల్లరుంది. ఆమె బండి వెనక చక్రం ఇరుసు ఊడలాగి, దాని మరను మాగ్నెటు చక్రంలోకి ఎక్కించి బిగించింది. ఆ బండికి ఆ రెండు మరలూ ఒకటేనని షెడ్డు మొత్తంలో ఆమెకొక్కదానికే తెలుసు. ఫట్‌మని ఊడి చేతిలోకొచ్చింది. "చూశావా అన్నయ్యా," అంది గట్టిగా, పెరట్లో ఎవరూ లేకపోయినా.

క్రాంకును మూసి ఉంచే చిప్పలు రెండూ విడదీయడానికి పిండి ఒత్తే కర్ర పనికొచ్చింది. చుట్టూ తిప్పుతూ చిన్నచిన్న దెబ్బలు వేస్తే కాసేపటికి సందు ఇచ్చాయి. క్రాంకు బయటికొచ్చింది. బేరింగులు చిప్పల్లోనే ఉండిపోయాయి. ఆమె వేలు పెట్టి తిప్పింది. ఆగి ఆగి, గరగరమంటూ తిరిగాయి. లైటు దగ్గరికి పట్టుకుని చూస్తే లోపలి వలయం మీద సుత్తి దెబ్బలు తళతళలాడుతున్నాయి, చంద్రవంకల్లా, ఎనిమిదో తొమ్మిదో.

చిప్పలోకి బేరింగు దించేటప్పుడు లోపలి వలయాన్ని కొట్టకూడదు. కొడితే ఆ దెబ్బ వలయాల మధ్య ఉండే ఉక్కు గుళ్ల మీద పడుతుంది, గుళ్లు వాటి దారిలో గుంటలు చేస్తాయి, ఆ గుంటలే తర్వాత కూస్తాయి. ఇది నాన్న ఇద్దరికీ మొదటిరోజే చెప్పాడు. అన్నకు ఓపిక లేదు. చిన్నప్పట్నుంచీ అంతే. తలుపు తెరుచుకోకపోతే తన్నేవాడు.

కుడివైపు చిప్పను ఓవెన్‌లో పెట్టింది. నీళ్లు చిలకరిస్తే చిటపటమని ఎగిరేదాకా కాల్చి, మందపాటి గుడ్డలతో పట్టుకుని చెక్క మీద బోర్లించి ఒక్క దెబ్బ వేసింది. చెడిన బేరింగు ఊడి దొర్లుకుంటూ అత్త కాళ్ల దగ్గరికి వెళ్లింది.

"అమ్మో, ఇదేనా మీ అన్న పని?"

"ఇదే. చూసి దాచిపెట్టండి అత్తయ్యా, మీ మనవలకు చూపిద్దురుగాని."

చలికి కుంచించుకుని మంచుపట్టిన కొత్త బేరింగును ఫ్రీజర్లోంచి తెచ్చి, వేడికి విచ్చుకున్న గూట్లోకి వదిలింది. సాయంత్రపు ఎండ మొహాన పడుతోంది, తొందరలో కాస్త ఒంకరగా వదిలింది. సగం దిగి ఇరుక్కుపోయింది. వేడీ చల్లనా కలిసిపోయేలోపు అది సర్దుకోవాలి. చేయి తనకు తెలియకుండానే సుత్తి మీద పడింది. పైకెత్తింది కూడా. ఒక్కటి, ఒకే ఒక్కటి, ఎవరు చూస్తారు?

అప్పుడు తన చేతిని తానే చూసుకుని భయపడింది. అన్న చెయ్యి అచ్చు ఇలాగే లేస్తుంది. సుత్తి తీసుకెళ్లి పెరటి తలుపు బయట పడేసి వచ్చింది. చిప్పను మళ్లీ కాల్చింది, బేరింగు తీసింది, మళ్లీ చల్లబెట్టింది. పొయ్యి మీద అన్నం ఉడికేంతసేపు కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. రెండోసారి ఊపిరి బిగబట్టి, నిటారుగా వదిలింది. అది తన బరువుతో తనే జారి, అడుగున ఆని, టక్ మంది. ఆ చప్పుడు వినగానే ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. షెడ్డులో వందల బేరింగులు వేసింది గానీ ఏదీ ఇంత తీపిగా దిగలేదు.

"ఇంక ఎడమవైపుది కూడా పెట్టు మరి, ఓవెన్ వేడిగానే ఉంది," అంది అత్త.

"దాన్ని తీయను."

"అదీ చెడిపోయిందన్నావుగా?"

"చెడిపోయింది కాబట్టే తీయను. దానితో ఇంకా పనుంది."

ఎడమవైపు అన్న కొట్టిన బేరింగు అలాగే ఉంచి, పొడవాటి బోల్టూ పైపు ముక్కా పెట్టి క్రాంకును మెల్లగా లోపలికి లాగి, చిప్పలు మూసి ఇంజను బిగించేసింది. చెడిన ఇంజను తెలిసి తెలిసి బిగించడం ఆమె జీవితంలో అదొక్కటే. నాన్న చూస్తే చెంప పగలగొట్టేవాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినా బిగించింది.

ఆదివారం పొద్దున పోస్ట్‌మాన్ షెడ్డుకు వెళ్లి, ఆమె చెప్పినట్టే చెప్పాడు. "మీ చెల్లెలు బాగుచేశానంటోంది. మీరొచ్చి విని సరేనంటేనే తీసుకుంటాను మేస్త్రి గారూ." రాకపోతే భయపడ్డాడంటారు. అన్న వచ్చాడు. నాన్న స్క్రూడ్రైవరు గుడ్డలో చుట్టుకుని వచ్చాడు. వెనకాలే వెల్డరు, టైర్లతను, రంగులేసేవాడు, దీనితో పనిలేని ఇంకో పదిమంది పెరట్లోకి వచ్చి గోడవెంట సర్దుకున్నారు. అత్త కుర్చీ తెచ్చుకుని ముందువరసలో కూర్చుంది.

బండి స్టార్టు చేయగానే ఎడమవైపు నుంచి కూత మొదలైంది. మామూలు కూత కాదు, పళ్లు జివ్వుమనే కూత. టైర్లతను ఒక చెవి మూసుకున్నాడు. పోస్ట్‌మాన్ మొహం వాడిపోయింది. మేస్త్రి వినేటప్పుడు మాట్లాడకూడదు.

బిగించినవాళ్లు ఎదురుగా నిలబడటం అలవాటు కాబట్టి చెల్లెలు ఎదురుగా నిలబడింది. అన్న ముందు కుడివైపు మొన ఆనించాడు. అది ఆమె మనసు పెట్టి వేసిన కొత్త బేరింగు. ఒకవేళ అందులోనూ ఏదైనా ఉందేమో, తొలిసారి ఒంకరగా దిగినప్పుడు ఏమైనా అయిందేమోనని ఆమెకు భయమేసి నుదురు ముడిపడింది. అన్న కాసేపు విని తల అడ్డంగా ఊపాడు.

"ఇది పోయింది. కూస్తోంది."

ఎడమవైపుకు మార్చాడు. ఇక చెల్లెలికి ఆగలేదు. రెండు నెలల తర్వాత మొదటిసారి మొహమంతా విప్పారేలా నవ్వొచ్చింది. పడ్డావు అన్నయ్యా, ఇప్పుడేమంటావు, కూస్తోందంటే నీ పనే కూస్తోందని చెప్తాను, బాగుందంటే ఈ పదిమందికీ చెవులున్నాయి. ఎటు తిరిగినా దొరికిపోతావు.

అన్న మొహం తేలికపడింది.

"ఇది బాగుంది. అచ్చు నాన్న చేతిపని."

ఒక్క క్షణం కూత తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత రంగులేసేవాడు పకపకా నవ్వాడు. ఆపైన అందరూ.

"అన్నా, అది వీధి చివరికి వినపడుతోంది!" అన్నాడు వెల్డరు. "చెల్లెలి మీద కోపమైతే మాత్రం మరీ ఇంత అన్యాయమా?"

"అది... సైలెన్సరు చప్పుడు," అన్నాడు అన్న.

చెల్లెలు బండి ఆపేసి, అందరికీ వినపడేలా చెప్పింది. "కుడివైపుది నేను వేసింది. పోయిందన్నాడు. ఎడమవైపుది రెండు నెలల కిందట ఆయన సుత్తితో కొట్టి దింపింది, నేను ముట్టుకోలేదు. దాన్ని నాన్న చేతిపని అన్నాడు. విన్నారుగా? ఆ రోజు నేను వేసిన బేరింగులు కూడా ఇలాగే విన్నాడు." సంచిలోంచి పాతవి తీసి వెల్డరు చేతిలో పెట్టింది. ఆయన తిప్పి చూసి టైర్లతనికిచ్చాడు. అవి చేతులు మారుతుంటే అన్న చెవులు ఎర్రబడ్డాయి.

"బేరింగు కాదయ్యా మార్చాల్సింది, మేస్త్రినే!" అని అత్త కుర్చీలోంచి ఒక విసురు విసిరింది. మళ్లీ నవ్వులు.

నవ్వనిది పోస్ట్‌మాన్ ఒక్కడే. "అంటే నా ఇంజన్లో చెడిపోయిందని తెలిసే వదిలేశారా అమ్మా? మూడ్రోజులు సంచీ మోసుకుని నడిచాను." ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "తప్పయింది. బుధవారానికి ఇచ్చేస్తాను," అంది. ఆయన సరేనని తలూపి, కుంటుతూ వెళ్లాడు.

అందరూ వెళ్లిపోయారు. అన్న వెళ్లలేదు. కుళాయి దగ్గర గట్టు మీద కూర్చుని స్క్రూడ్రైవరుకు గుడ్డ చుడుతూ విప్పుతూ ఉన్నాడు. చెల్లెలు మిగిలిన నాలుగు మాటలూ అనేయడానికి దగ్గరికి వెళ్లింది. ఆమె నోరు తెరవకముందే ఆయన అన్నాడు.

"నువ్వు నవ్వావు కదే."

"ఏంటి?"

"ఎడమవైపు పెట్టినప్పుడు నవ్వావు. కుడివైపుకేమో మొహం మాడ్చుకున్నావు. అందుకే..." అని ఆగిపోయాడు.

ఆమెకు అర్థం కాలేదు. అన్న నేలవైపు చూస్తూ చెప్పాడు. నాన్న చనిపోయిన ఏడాది నుంచే సన్నటి చప్పుళ్లు వినపడటం మానేశాయట. మాటలు వినపడతాయి, సుత్తి వినపడుతుంది, బేరింగు కూత మాత్రం అందదు. డాక్టరు ఇంజన్ల మధ్య ఉంటే అంతేనన్నాడట. ఎవరికీ చెప్పలేదు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని ఎదురుగా నిలబడిన చెల్లెలి మొహం చూసేవాడు. తన పని తను వింటున్నప్పుడు ఆమె మొహంలో అంతా కనపడేది. బాగుంటే కనుబొమలు విడివడేవి. తేడా ఉంటే ముడిపడేవి.

"ఆరేళ్లు నీ మొహం చూసే చెప్పాను. ఒక్కసారీ తప్పలేదు."

"మరి పోస్ట్‌మాన్ బండికి?"

"ఆ రోజు పొద్దున్నుంచీ నువ్వు మొహం గంటు పెట్టుకునే ఉన్నావు."

ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు షెడ్డుకు కొత్త బోర్డు రాయించారు. బోర్డు మీద నా పేరూ రాయించు అన్నయ్యా అని అడిగితే, వినపడనట్టు వెళ్లిపోయాడు. ఆ కోపం సాయంత్రం దాకా ఆమె మొహం మీదే ఉంది. తన పనికి తన మొహమే మచ్చ తెచ్చింది.

"నేను బాగుందని ఎదురు చెప్పాను కదా. అప్పుడైనా నీకు తెలియలేదా?"

అన్న గుడ్డ చుట్టడం ఆపాడు. "తెలిసింది. నువ్వు ఇంకోసారి విను అనగానే తెలిసింది. పోస్ట్‌మాన్ ముందు మాట ఎలా వెనక్కి తీసుకోను? ఇంకోసారి వింటే ఏం చెప్పాలో కూడా నాకు తెలీదు. నువ్వక్కడే ఉంటే ఎప్పటికైనా కనిపెట్టేస్తావని..."

"తెలిసే గెంటేశావా?"

"తెలిసే."

జాలి పడాల్సిన చోట ఆమెకు ఒళ్లు భగ్గుమంది. అబద్ధం ఆడాడనుకుంటే కోపమే వచ్చింది. ఇది అంతకంటే నీచం. ఆరేళ్లుగా వీధి నెత్తిన పెట్టుకున్నది ఎవరి చెవిని? ఆ చెవి ఆమెది. మొహం ఆమెది. పని ఆమెది. అన్నీ తీసుకుని, ఆమె దొంగ కాకపోయినా దొంగను తరిమినట్టు తరిమాడు. పుల్లరు కూడా ఎవరూ ఇవ్వకూడదన్నాడు.

"చెల్లీ, ఎవరికీ చెప్పకు," అన్నాడు అన్న. "ఇవాళ కోపంతో అలా చెప్పాననుకుంటున్నారు. అనుకోనీ. బుధవారం నువ్వు ఎడమది మార్చాక అందరి ముందూ మళ్లీ వింటాను. నువ్వు ఎప్పట్లాగే ఎదురుగా నిలబడు, చాలు. సరిగ్గా చెప్తాను. చెవి పోయిందని తెలిస్తే షెడ్డుకు ఎవడొస్తాడు? ఆ మర్నాడే బోర్డు మీద నీ పేరు రాయిస్తాను. నాన్న మీద ఒట్టు."

చెల్లెలు నిలబడతాననీ అనలేదు, నిలబడననీ అనలేదు. "బండి బుధవారానికి సిద్ధంగా ఉంటుంది. రా," అని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి రెండు రోజులూ పెరట్లో ఒక్కతే పనిచేసింది. ఇంజను మళ్లీ విప్పింది, చిప్పను కాల్చింది, ఎడమవైపు బేరింగు తీసి కొత్తది దించింది. ఈసారి ఒక్క ప్రయత్నంలోనే టక్ మంది. మధ్యమధ్యలో చేయి ఆగేది. షెడ్డులో ఇద్దరూ ఒకే పళ్లెంలోంచి తిన్న మధ్యాహ్నాలు గుర్తొచ్చేవి. పోనీలే, ఒక్క నిమిషం ఎదురుగా నిలబడితే ఏం పోతుంది, పేరొస్తుంది, షెడ్డు వస్తుంది, అన్న పరువు దక్కుతుంది అనిపించేది. అంతలోనే ఆ "తెలిసే" అనే మాట చెవిలో పడేది. కూరగాయలామె మొహం కనపడేది. మళ్లీ పానా అందుకునేది.

బుధవారం పొద్దున అందరూ వచ్చారు. ఆదివారం రానివాళ్లు కూడా వచ్చారు. పోస్ట్‌మాన్ సంచీ భుజాన వేసుకుని, బండిలో వెళ్లడానికే తయారై వచ్చాడు. ఒక్క తన్నుకే ఇంజను అందుకుంది. పెరడంతా మెత్తగా, నిండుగా ఒక చప్పుడు పరుచుకుంది. అందులో కూత లేదు. అది వినగానే పోస్ట్‌మాన్ నవ్వాడు. అన్న అతని నవ్వు చూడలేదు, వంగి స్క్రూడ్రైవరు గుడ్డ విప్పుతున్నాడు.

"మేస్త్రి గారు చెప్పాలి," అన్నాడు వెల్డరు నవ్వు దాచుకుంటూ. "ఎవరూ మొహంలో ఏమీ కనపడనీయకండి. ఇవాళ న్యాయంగా వింటాడు." అంతా బిగుసుకుని నిలబడ్డారు. వాళ్లకు అదొక ఆట, వాళ్లకేమీ తెలియదు.

అన్న మొన ఎడమవైపు ఆనించాడు. పిడిని చెవి వెనక నొక్కి పెట్టుకున్నాడు. తర్వాత, ఆరేళ్లుగా చేస్తున్నట్టే, కళ్లెత్తి చెల్లెలి మొహంలోకి చూశాడు. ఆ చూపులో ఎంత బతిమాలుకోవడం ఉందో ఆమె ఒక్కదానికే కనపడింది. చిన్నప్పుడు అన్ని తరగతులకూ ఒకే గది ఉన్న బడిలో జవాబు రాక, పక్క బెంచీలో ఉన్న ఆమె వైపు ఇలాగే చూసేవాడు. అప్పుడు ఆమె ప్రతిసారీ చెప్పింది.

చెల్లెలు మెల్లగా గోడవైపు తిరిగి నిలబడింది.

వెనకాల ఇంజను నడుస్తూనే ఉంది. అది బాగుపడిందో, ఆదివారంలాగే చెడినదే లోపల ఉందో అన్నకు తెలిసే దారి లేదు.

"చెప్పండి మేస్త్రి గారూ," అన్నాడు పోస్ట్‌మాన్, "డ్యూటీకి వేళవుతోంది."